గాలి పట్టిన లారీ

మొన్న ఒక నిశ్చితార్థానికి మా ఇంటిల్లిపాదీ బయలుదేరిన వ్యాను, రాయచోటి దాటిన కాసేపటికే రెండుసార్లు ఊగి రోడ్డు పక్కన ఆగిపోయింది. డ్రైవరు దిగి బానెట్టయినా ఎత్తలేదు. స్టీరింగు ముందు వెలిగిన పసుపుపచ్చ దీపాన్ని సెల్‌ఫోనులో ఫోటో తీసి ఎవరికో పంపించి, వాళ్లొచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నారని చెప్పి, కానుగచెట్టు నీడలో తాపీగా కూర్చున్నాడు. ఆడవాళ్లు పూలబుట్టల మీద తడిగుడ్డలు సర్దుకుంటూ కబుర్లలో పడ్డారు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మీరు తిరిగితే బండి తిరుగుతుందా, వచ్చి కూర్చోండి అని మా ఆవిడ ఎగతాళి చేసింది. నిజమే, కానీ నాకు కూర్చోవడం చేతకాదు, ఈ వయసులో కూడా చేతకాలేదు. టైరు దగ్గర వంగితే డీజిల్ వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన తగిలితే నాకు కువైట్‌లోని అమ్ఘరా గుర్తొస్తుంది, అమ్ఘరా గుర్తొస్తే 1990 నాటి ఆ ఆగస్టు నెల, ఆ ఆగస్టుతో పాటు మా అక్క గుర్తొస్తుంది. గల్ఫులో చెమటోడ్చి వచ్చిన నా ఈడు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఒక వాసన పట్టుకుని మనిషి ఎంత దూరం వెళ్లిపోతాడో వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మా ఇంట్లో కువైట్‌కు మొదట వెళ్లింది అక్కే. మా బావ లారీ డ్రైవరు. గువ్వలచెరువు ఘాటులో బండి బోల్తాపడి పోయాడు. ఎన్నోసార్లు ఎక్కి దిగిన ఘాటే, మంచి చేయి తిరిగిన మనిషే, ఎందుకిలా జరిగిందని అందరూ అడుగుతుంటే, ఆ బండికి గాలి సోకి ఉందని, అంతకుముందే ఒకరిని మింగిందని ఊళ్లో చెప్పుకున్నారు. అక్క ఆ మాట నమ్మింది. నమ్మకపోతే ఆమెకు మిగిలేది ఏ కారణమూ లేని చావు. దానికంటే దయ్యమే నయమనిపించిందేమో. ఏడాది తిరగకముందే అబూ హలీఫాలో ఒక అరబ్బుల ఇంట్లో పనికి చేరింది. అక్కడి మన ఆడవాళ్లంతా ఇంటి యజమానురాలిని మామా అంటారు. అక్క మొదటి ఉత్తరంలో మామ చాలా మంచిది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడుతుంది అని రాస్తే, ఆ మామ ఎవడో, మంచిది అనడమేమిటోనని మా అమ్మ వారం పాటు తిండి మానేసి బెంగపెట్టుకుంది.

ఆ మామాను బతిమాలి అక్క నాకూ వీసా సంపాదించింది. కడపలో డీజిల్ పంపుల షెడ్డులో పని నేర్చుకున్నవాణ్ని కనుక అమ్ఘరాలో, పాత ఇనుము గుట్టల నడుమ ఉన్న ఒక రిపేరు షెడ్డులో పడ్డాను. వరసకు చిన్నాన్న అయ్యే మా ఊరి పెద్దమనిషి అక్కడే ఇసుక లారీ తోలేవాడు. మేమిద్దరం ఫర్వానియాలో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆయన నెమ్మదికి నా తొందరకు ఎక్కడా పొంతన కుదిరేది కాదు. నట్టు ఊడకపోతే నేను సుత్తి అందుకునేవాణ్ని, ఆయన బీడీ అందుకునేవాడు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఉదయం మేము లేచేసరికే అంతా అయిపోయింది. రోడ్లనిండా ట్యాంకులు. రేడియోలో ఒకటే సంగీతం. ఇంటికి ఫోను చేద్దామంటే తీగ చచ్చిపోయి ఉంది. అక్క వాళ్ల మామా కుటుంబమంతా వేసవికి చల్లటి దేశమేదో వెళ్లింది, అంత పెద్ద ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. నేను చిన్నాన్నను నిలవనీయలేదు; ఆయన తెలిసిన ఒక కారు అడిగి తెచ్చేదాకా గుమ్మంలోకీ మెట్ల మీదికీ తిరిగి, మూడో అంతస్తు వాళ్లందరి చేతా తిట్లు తిన్నాను. మేము వెళ్లేసరికి అక్క వంటింట్లో గిన్నెలన్నీ తోమి బోర్లించి, కిటికీలకు గడియలు వేసి, తలుపు దగ్గర మూటతో కూర్చుని ఉంది. తలుపు తాళం వేసి, ఆ తాళంచెవిని పైట కొంగున ముడివేసుకుంది.

ఆమెను ఫర్వానియాలో మేమున్న మేడలోనే, మా ఊళ్లవైపు ఆడవాళ్లు ఉండే గదిలో దింపాం. ఆ గదికి పెద్దదిక్కు ఒక పెద్దమ్మ. ఆవిడ కువైట్‌కు వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు గానీ, అప్పటికే గదిలో అందరికీ అత్తగారైపోయింది. ఆ తర్వాతి రోజులు నేను బతికిన రోజుల్లో కల్లా అధ్వాన్నమైనవి. భయంతో కాదు, పని లేక. రొట్టె కోసం వరస, నీళ్ల కోసం వరస, ఆ వరసల్లో పుకార్లు. బస్సులు పోతున్నాయంటారు, బాస్రా మీదుగా బాగ్దాదు, అక్కణ్నించి జోర్డాను సరిహద్దు, అక్కడికి చేరితే బొంబాయికి విమానాలు ఉన్నాయంటారు. ఆ బస్సులు మా వీధిదాకా ఎన్నడూ రాలేదు. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాలు, మాకు జామీనున్న కఫీళ్లు, సెలవులు అన్నీ ఒక్కపూటలో ఖలాస్. అలాంటప్పుడే చిన్నాన్న, బీడీ వెలిగించుకుంటూ, అమ్ఘరాలో ఆ పాత జర్మనీ లారీ ఇంకా ఉండాది కదా, దాన్ని లేపితే అందరం పోవచ్చు అన్నాడు.

ఆ లారీని తుక్కు కింద కొట్టించడానికి తెచ్చి వదిలేశారు. సైనికులు కొత్త బండి కనిపిస్తే చాలు తీసుకుపోతున్నారు, దీన్ని మాత్రం తన్ని చూసి నవ్వి వదిలేశారు. ఇంజను గట్టిదే. జబ్బంతా డీజిల్ దారిలో. స్టార్టు చేస్తే పులిలా అందుకునేది, కాసేపటికి రొప్పుతూ ఆగిపోయేది. డీజిల్ ఇంజనుకు నూనె వచ్చే గొట్టంలో గాలి చొరబడితే అంతే సంగతి. పంపు దగ్గర చిన్న బోల్టు వదులు చేసి, చేతిపంపు కొడుతూ, నురుగు పోయి తేటనూనె వచ్చేదాకా ఆ గాలిని బయటికి తీయాలి. తీసేవాణ్ని. మళ్లీ పట్టేది. ఫిల్టరు మార్చాను, రాగి వాషర్లన్నీ కొత్తవి వేశాను, నాజిళ్ల నట్లు బిగించాను. మళ్లీ పట్టేది. సుత్తితో ఆ బండి తల పగలగొట్టాలనిపించేంత కోపం వచ్చేది.

అలాంటి ఒక సాయంత్రం ఇంటికి వస్తూ, మెట్ల మీద ఎదురైన చిన్నాన్నతో, గాలి పట్టింది, ఎంత తీసినా మళ్లీ పడుతోంది, ఈ బండిని నమ్ముకుంటే అంతే అని విసుక్కున్నాను. మెట్ల పక్కనే ఆడవాళ్ల గది, తలుపు తెరిచి ఉంది. మెకానిక్కుల భాషలో అది రోజూ అనే మాటే. మా కడప వైపు ఇళ్లలో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు ఆ క్షణాన తట్టలేదు. తెల్లవారేసరికి ఆ మాట చిలవలు పలవలు వేసింది: ఆ లారీ కింద ఒక మనిషి పడి చచ్చిపోయాడట, అందుకే దాన్ని తుక్కులో వదిలేశారట, మెకానిక్కు ఎంత తీసినా ఆ గాలి వదలడం లేదట, మెకానిక్కే స్వయంగా ఒప్పుకున్నాడట. మాతో వస్తామని మూటలు కట్టుకున్నవాళ్లంతా ఆ మూటలు విప్పేశారు.

పెద్దమ్మ మాత్రం అధైర్యపడలేదు. తను పనిచేసిన ఇంటి నుంచి తెచ్చుకున్న లూమీలు, అంటే అరబ్బులు కూరల్లో వేసుకునే నల్లగా ఎండిన నిమ్మకాయలు, వాటిని ఎండుమిరపకాయలతో కలిపి దారానికి గుచ్చి, పచ్చి నిమ్మకాయ దొరకని దేశంలో ఇదే దిక్కని చెప్పి, అమ్ఘరాదాకా వచ్చి లారీ ముందు కట్టింది. నేను కోపంతో తెంపి పారేశాను. చిన్నాన్న తీసుకొచ్చి మళ్లీ కట్టాడు. దాంతో ఆ గదిలోని పదిమంది ఆడవాళ్లూ తిరిగి ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది అక్క ఒక్కతే.

"మీ బావను తినింది ఇట్లాంటిదేరా," అంది. "మీరు పోండి. నేను ఈడనే ఉంటా. నిన్ను కూడా పోవద్దనే చెప్తాండా. నా మాట ఎప్పుడు విన్యావు గనక."

నాకు ఒళ్లు మండిపోయింది. బతిమాలాను, అరిచాను, అమ్మ మీద ఒట్టు పెట్టాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని నన్నే చూస్తూ ఉంది తప్ప కదల్లేదు. ఆమెను అక్కడ వదిలి ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోను? పోకుండా ఉంటే ఏం తిని బతకాలి? చివరికి చేయి పట్టుకుని షెడ్డుకు లాక్కుపోయాను. బోల్టు వదులు చేసి చేతిపంపు కొట్టాను. నూనె కక్కుకుంటూ బుడబుడమని నురుగు వచ్చింది. ఇదిగో గాలి, మనం పీల్చే గాలే, దయ్యం కాదు భూతం కాదు, చూడు అన్నాను. ఆమె వంగి ఆ నురుగును వేలితో ముట్టుకుంది. ఇది యాడ నుంచి వస్తాంది అని అడిగింది. ఏదో అతుకు నుంచి అన్నాను, ఏ అతుకో నాకూ తెలియదు. అప్పటికి కనబడిన ఒక పాత రబ్బరు గొట్టం మీద అనుమానం పెట్టుకుని దాన్ని మార్చేశాను. ఆ మధ్యాహ్నమే చిన్నాన్న షెడ్డులో మిగిలిన పీపాల్లోని డీజిలంతా ట్యాంకులో పోసి అంచుదాకా నింపాడు. స్టార్టు చేస్తే, ఆశ్చర్యం, బండి ఆగలేదు. పొద్దు వాలేదాకా నడిచింది. నేను గెలిచానని గంతులు వేశాను. అక్క గదికి వచ్చి మూట మళ్లీ కట్టుకుంది.

బయలుదేరాక, ఇరాక్ వైపు పోయే జహ్రా రోడ్డు మీద మమ్మల్ని ఆపిన సైనికుడు లారీ పక్కకు వచ్చి, తొట్టి అంచున కూర్చున్న పెద్దమ్మను హిందీ? అని అడిగాడు. ఇండియావాళ్లా అని వాడి అర్థం. పెద్దమ్మ చేతులు జోడించి, లేదు నాయనా, మేమందరం తెలుగే అంది. వాడికేమీ అర్థంకాక, గుడ్డకట్టిన ఆ తలలన్నింటినీ, ముందు వేలాడుతున్న లూమీలనూ చూసి, యల్లా యల్లా అని చేయి ఊపాడు. ఆ చెయ్యి ఊపడంతో మేము కువైట్ దాటిపోయాం.

బాస్రాలో డీజిల్ దొరికింది, చిన్నాన్న ఎక్కడ దొరికితే అక్కడ నింపేవాడు. బాగ్దాదు దాటేదాకా బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ తర్వాత పడమటి ఎడారి. రోడ్డు తప్ప ఇంకేమీ లేని ఆ నేలలో రెండు బంకుల్లో డీజిల్ లేదన్నారు. ఎండ నడినెత్తికి ఎక్కే వేళకు లారీ రొప్పి, ఊగి, ఆగిపోయింది. అమ్ఘరాలో ఆగినట్టే ఆగింది. బోల్టు వదులు చేస్తే అదే నురుగు. తీశాను, నడిచింది, మైలు వెళ్లకుండానే మళ్లీ ఆగింది. మళ్లీ తీశాను. నీళ్ల డబ్బాల్లో అడుగున కొంచెమే ఉంది. పెద్దమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. దాటిపోయే బస్సులు కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కటీ ఆగలేదు. లారీలో ఎవరో అదే మాట అన్నారు, వదల్లేదు చూడండి అని. నేను అక్క ముఖంలోకి చూడలేకపోయాను. నాకు భయం వేసింది. నా పనితనం మీద నమ్మకం పెట్టించి ఆమెను ఈ ఇసుకలోకి తెచ్చి పడేశాను కదా అని భయం వేసింది.

అప్పుడు నేను చేసిందేమంటే తిరగడమే. బండి చుట్టూ పిచ్చివాడిలా తిరిగాను. తిరుగుతూ తిరుగుతూ, ఉక్రోషం పట్టలేక ట్యాంకును రెంచితో కొట్టాను. పైన కొడితే డొల్లగా మోగింది, కింద కొడితే మోగలేదు. సగం ఉంది. ఇంకో చోట కొట్టబోయి అలాగే ఆగిపోయాను. తుక్కులో ఉన్నప్పుడు కూడా దానిలో నూనె అడుగునే ఉండేది. నింపిన నాటి నుంచీ జబ్బు లేదు. ఇప్పుడు సగానికి దిగింది, జబ్బు తిరిగొచ్చింది. ట్యాంకు మూత తీసి, చొక్కా విప్పి, భుజందాకా చేయి దూర్చి లోపలి గొట్టాన్ని తడిమితే, సరిగ్గా నడిమధ్యన తుప్పుతిన్న నెర్రె వేలికి తగిలింది. నూనె పైదాకా ఉన్నంతకాలం ఆ నెర్రె నూనెలో మునిగి ఉంటుంది, నూనె దిగితే గాలి పీలుస్తుంది. బయటి అతుకులన్నీ విప్పి బిగించానే తప్ప లోపలికి చూడాలని నాకు తోచలేదు.

ఆ గొట్టం ట్యాంకుకే వెల్డు చేసి ఉంది, ఊడి రాదు. అందుకని ట్యాంకును వదిలేశాం. ఖాళీ నీళ్ల డబ్బా ఒకటి క్యాబిను మీద కట్టి, దానిలోంచి రబ్బరు గొట్టం నేరుగా పంపుకు దించాను; పైనుంచి తన బరువుతో తాను దిగే నూనెలోకి గాలి ఎలా దూరుతుంది? ట్యాంకు అడుగు బిరడా తీసి వంటగిన్నెల్లో డీజిల్ పట్టి, ఆ గిన్నెలు పైకి అందిస్తే, పైన ఎవరో ఒకరు గుడ్డతో వడగట్టి డబ్బాలో పోస్తూ ఉండాలి. బండి నడుస్తున్నంతసేపూ డబ్బాను పట్టుకుని ఉండాలి. క్యాబిను వెనక, ఎండలో, ఊగే బండి మీద నిలబడాలి. ఎవరు నిలబడతారని నేను అడిగే లోపలే అక్క పైకెక్కి కొంగు నడుముకు బిగించింది.

మిగిలిన ఆ పగలంతా ఆమె అక్కడే నిలబడింది. డబ్బా అడుగంటినప్పుడల్లా క్యాబిను మీద చేత్తో కొట్టేది, మేము ఆగి గిన్నెలు నింపి అందించేవాళ్లం. మోచేతులదాకా డీజిల్ కారి, ఎండకు చర్మం బొబ్బలెక్కింది. దిగు అక్కా, నేను నిలబడతానంటే, ఆగితే నువ్వు చూడాల కదా అని దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి చూసినప్పుడల్లా ఆమె పెదవులు కదులుతూనే ఉండేవి, బండి ఆగకూడదని మొక్కుకుంటోందనుకున్నాను. పొద్దు వాలే వేళకు, గుడారాలూ జెండాలూ కనిపించే సరిహద్దు దగ్గరికి వచ్చాం. ఆ పక్కన అప్పటికే వదిలేసిన బళ్లు గుంపులుగా ఉన్నాయి. చిన్నాన్న లారీని వాటి సరసన నిలిపి, తాళంచెవి దానికే ఉంచేసి దిగాడు. గుడారాల్లో దుమ్ము తిని, వరసల్లో నిలబడి, చివరికి బొంబాయి చేరాం. కడప స్టేషనులో అమ్మ మొదట అక్క చేతులు చూసింది, ఆ తర్వాతే ముఖం చూసింది.

యుద్ధం అయిపోయాక అక్క తిరిగి అదే ఇంటికి వెళ్లి, కొంగుముడిలోని తాళంచెవి మామాకు అప్పగించి, ఇంకా చాలా ఏళ్లు పని చేసింది. నేను వెళ్లలేదు, ఇక్కడే షెడ్డు పెట్టుకున్నాను. ఈ కథను మాత్రం ఎన్నిచోట్ల చెప్పానో లెక్కలేదు. షెడ్డులో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, బస్సులో పక్కవాడికి చెప్పాను. గాలి అంటే దయ్యమనుకున్న మా అక్కకు నురుగు చూపించి, కళ్లు తెరిపించి, బండి ఎక్కించానని చెప్పేటప్పుడు నాకు మీసం మెలేసినంత పొగరుగా ఉండేది. వినేవాళ్లు నవ్వేవాళ్లు, అక్క దగ్గరుంటే ఆమె కూడా నవ్వేది.

రెండేళ్ల కిందట మా ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి ఈ కథ చెబుతున్నాను. అక్క పక్కనే చాటలో కందులు ఏరుతోంది. నురుగు చూపించే చోటికి వచ్చేసరికి కోడలు ఆమె వైపు తిరిగి, అప్పుడు మీరు నమ్మినారా అని అడిగింది. అక్క చాట మీద నుంచి తల ఎత్తలేదు.

"యాడ నమ్మినా? దాంట్లో గాలి ఉండాదనే అనుకున్యా. దిగేదాకా అదే అనుకుంటా ఉన్యా. వీడు వద్దంటే ఆగే రకమా? పోతే ఇద్దరం పోదాంలే అని ఎక్కినా."

కోడలు నవ్వింది. నేను లేచి వాకిట్లోకి వెళ్లి అటూ ఇటూ తిరిగాను. ఆ ఎడారిలో కదిలిన ఆ పెదవులు ఇంజను కోసం కదలలేదు. బోల్తాపడుతుందని నిశ్చయంగా నమ్మిన బండి మీద, బావను తిన్నదనుకున్న దానికి తన చేత్తోనే నూనె పోస్తూ, ఆమె పొద్దు వాలేదాకా నిలబడింది. నేనేమో ఆమెకు కళ్లు తెరిపించానని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకు తిరిగాను.

ఇప్పుడు మా వాళ్లు కువైట్ పోవాలన్నా ఎవరి టికెట్టు వారిది, ఎవరి సీటు వారిది. దిగగానే చేరామని ఫోనులో ముఖం చూపిస్తారు, బండి ఆగితే ఫోటో పంపిస్తారు, ఎవరో వచ్చి బాగుచేస్తారు. ఇదంతా మంచిదే, మేము పడ్డ అవస్థ నా పిల్లలు పడాలని నేనెన్నడూ కోరుకోను. కానీ పోతే ఇద్దరం పోదాం అనుకోవలసిన అవసరం ఎవరికీ రాని కాలంలో, అలా అనుకునే మనిషి తనకు ఉన్నదీ లేనిదీ ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది? నాకొకరు ఉన్నారు, ముప్పై ఏళ్లకు గానీ తెలియలేదు. నెలకొకసారి అక్క కంటి ఆసుపత్రికని కడప బస్సు ఎక్కుతుంది. ఒక్కదాన్నే పోగలను, నీకేం పని అంటుంది. నాకేమీ పని లేదు. ఆమె పక్క సీటులో, కాలు కదపకుండా, కడప వచ్చేదాకా కూర్చుంటున్నాను.